వరి వేరు చెప్పిన చాడీ

ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం మా కంకిపాడు ఇంటి డాబా మీద వరి మొక్కలను ఆకలికి మాడ్చే పని పెట్టుకున్నాను. ఆటోనగర్లో నిలువునా కోయించి, టేపు చుట్టి తెచ్చిన పది ప్లాస్టిక్ గొట్టాల నిండా కడిగిన ఇసుక. అయిదింటికి అన్ని పోషకాలూ కలిపిన నీళ్లు, మిగతా అయిదింటికి భాస్వరం తప్ప అన్నీ. మూడు వారాలయ్యాక వేళ్లు కడిగి, కొలిచి, సోమవారం కాలేజీలో చూపించాలి. మళ్లీ మొదటినుంచి పెంచడానికి గడువు లేదు.

భాస్వరం కరువైతే వరి మొక్క ఏడుస్తూ కూర్చోదు. ఆక్సిన్ అనే హార్మోను వేరు కొసనుంచి పైకి వెళ్లి, వేరు మీది నూగును పొడుగ్గా పెరగమంటుంది. ఆ నూగే ఇసుక సందుల్లో దూరి భాస్వరాన్ని వెతుకుతుంది. స్ట్రైగోలాక్టోన్ అనే ఇంకో హార్మోను పైన పిలకలు వెయ్యనివ్వదు. తిండి లేని ఇంట్లో పెత్తనం ఈ ఇద్దరిదే. ఇది చదివిన రోజు బస్సులో ఒక్కదాన్నే నవ్వుకుంటూ కూర్చుంటే కండక్టరు రెండుసార్లు టిక్కెట్టు అడిగాడు.

మా నాన్నకు ఇదంతా గిట్టేది కాదు. ముప్పై ఏళ్లుగా వరి పండిస్తున్న మనిషి. నేను హాస్టల్లో ఉన్నన్నాళ్లూ వారం వారం క్యారేజీ పట్టుకుని బస్సెక్కి వచ్చేవాడు. ఇప్పుడు రోజూ డాబా ఎక్కి, గిడసబారిన ఆ అయిదింటినీ చూసి, "పాపం అమ్మా, ఎట్టా ఉన్నయ్యో చూడు" అని నా ప్రాణం తీసేవాడు.

"ముట్టుకుంటే ఊరుకోను నాన్నా" అని అరిచేదాన్ని.

శనివారం పొద్దున టేపు విప్పి, ఆకలి మొక్కల వేళ్లు కడిగాను. భూతద్దం పెట్టగానే గంతేశాను. నూగంటే నూగా! ఎంత కడిగినా ఇసుకను వదలనంటోంది. "వచ్చేసిందోయ్!" అంటూ డాబా అంతా తిరిగాను. తిరిగొచ్చి కిందికంటా చూస్తే, చివరి బెత్తెడు నున్నగా గుండు. అయిదింటికీ అంతే. వేరు కొస దగ్గరే, రోజుకు అర అంగుళం చొప్పున పెరుగుతుంది కనుక ఆ బెత్తెడు ఈ ఆరు రోజుల్లో వచ్చింది. అంటే పోయిన ఆదివారం దాకా పస్తు, ఆ తర్వాత విందు.

"నాన్నా! ఆదివారం వీటికేం వేశావ్?"

మెట్ల మీద చెప్పుల చప్పుడు ఆగింది. "నేనేం ఎయ్యలా."

"వేరు చెబుతోంది."

"చర్చి నుంచి వచ్చి కడుపునిండా తిని పైకొచ్చానమ్మా. ఇవి అట్టా చూస్తా ఉన్నయ్. చిటికెడు డీఏపీయే. ఒట్టు, చిటికెడే."

డీఏపీ అంటే భాస్వరం ఎరువే. నోటికొచ్చినట్టు తిట్టాను. చేసిన పని చూడమని భూతద్దం చేతిలో పెట్టాను. నాన్న చాలాసేపు చూశాడు.

"తిండి దొరికిందని ఎతకటం మానేసిందా ఏంటి?"

నా కోపం అక్కడే జారిపోయింది. పది మొక్కలతో నేను చూపాలనుకున్నది ఇప్పుడు ఒకే వేరు మీద, పైనా కిందా కనిపిస్తోంది. నవ్వు మొదలైంది, ఇక ఆగలేదు. ఎందుకో తెలియకుండానే నాన్న కూడా నవ్వాడు.

సోమవారం మా మేడమ్ ఆ వేళ్లు చూసి, ఏదీ దాచకుండా జరిగింది జరిగినట్టు రాయమన్నారు. ఆ సాయంత్రం ఇంట్లో కూర్చుని, "పదిహేనో రోజున చిటికెడు డీఏపీ" అని రాశాను. ఎవరు వేశారన్నచోట "విద్యార్థిని తండ్రి, జాలిపడి" అని రాస్తుంటే నాన్న భుజం మీదుగా తొంగిచూశాడు.

"జాలి అనేది తీసెయ్యమ్మా, మాస్టార్లు నవ్వుతారు."

తియ్యలేదు. అన్ని క్యారేజీలు తిన్నదాన్ని, ఎలా తీస్తాను?