నాలుగో సెల్లు

ఏదైనా సరే, సమానంగా లేకపోతే మదనపల్లె హనుమంతప్పకు ఒళ్ళు మండుతుంది. బస్టాండు పక్కన బ్యాటరీలు ఛార్జింగు పెట్టే కొట్టు ఆయనది. బ్యాటరీలోని ఆరు సెల్లూ ఒక్క మట్టానికి ఛార్జయ్యేదాకా, కలెక్టరొచ్చి అడిగినా తిరిగి ఇవ్వడు.

టీ తెప్పిస్తే గ్లాసులన్నీ వరుసగా పెట్టి, ఒక కన్ను మూసి చూసి, ఎక్కువున్న దాంట్లోంచి తక్కువున్న దాంట్లోకి వంచుతాడు. చివరికి అందరి టీలూ సమానంగా చల్లారిపోతాయి.

"దోసె గుండ్రంగా రాకుంటే అంచులు కత్తిరిస్తాడప్పా" అని ఆయన భార్య శ్యామలమ్మ నాతో మొర పెట్టుకుంది.

1983లో నేను భూగర్భ జలాల సర్వేలో పనిచేసేవాణ్ణి. పడక, లైటు, చిన్న ఫ్యాను ఉన్న క్యాంపు వ్యానే మాకు సగం ఇల్లు. ఐదు నెలల పాపకు రోజుకు మూడుసార్లు థర్మామీటరు పెట్టే తండ్రిని. ఒకసారి గురువారానికి కుప్పంలో క్యాంపు పడింది. ఫ్యాను ఆగితే పాపకు చెమటకాయలొస్తాయని బ్యాటరీ ఛార్జింగుకు సోమవారమే వ్యాను ఆయన కొట్టుకు తీసుకెళ్ళాను.

హనుమంతప్ప పరుపెత్తి, పడక కింది బ్యాటరీ బయటికి తీశాడు. పరుపు అడుగున చెయ్యి పెట్టి తడిమాడు.

"పాప యాడ పండుకుంటాది అప్పా?"

"దానిమీదే. ఎందుకు?"

"ఊరికే. నాలుగో సెల్లు ఎనకబడుండాది. వ్యాను ఈడ పెట్టిపో."

మంగళవారం వెళ్తే, "ఐదు లేసినాయి. నాలుగోది ఇంకా పండుకోనుండాది" అన్నాడు.

"నేను బీయస్సీ కెమిస్ట్రీ. నిండాక చిన్న కరెంటుతో ఇంకొన్ని గంటలు పెడితే అన్నీ సమానమవుతాయి. దానికి రోజులెందుకు?"

"నువ్వు సదివినావు. అది సదవలా."

బుధవారం గట్టిగా అరిచాను. "అరిస్తే సెల్లు లెయ్యదప్పా" అన్నాడు.

గురువారం పొద్దున పాపనూ మా ఆవిడనూ వెంటబెట్టుకుని దండయాత్రకు వెళ్ళాను. పడక కింద ఖాళీ! బ్యాటరీ వ్యాను వెనక, బయటివైపు, గాలి బెజ్జాలున్న కొత్త ఇనప పెట్టెలో కూర్చుని ఉంది. వెల్డరు మునెయ్య పెట్టెకు రంగేస్తున్నాడు.

"సెల్లు మంగళవారం పొద్దునకే లేసింది సార్. ఈ పెట్టె నాలుగు మూలలూ సమానంగా రాలేదని నా పానం తీస్తాండాడు!"

హనుమంతప్ప పరుపు తిరగేసి చూపించాడు. అడుగు గుడ్డంతా జల్లెడ.

"ఛార్జయ్యేటప్పుడు ఆసిడ్డు తుంపర లేస్తాది. గ్యాసూ లేస్తాది. రవ్వ తగిలితే పేలతాది. దాని పైన పాప!"

ఆ గ్యాసు హైడ్రోజన్. దాని సమీకరణం పరీక్షలో రాసి పదికి పది తెచ్చుకున్నవాణ్ణి.

"సోమవారమే చెప్పుండొచ్చు కదప్పా!"

"చెప్పింటే పాపనెత్తుకోని ఊళ్ళో ఆస్పత్రులన్నీ తిరిగుంటావు."

మా ఆవిడ గట్టిగా తలూపింది. అప్పటికే నా చెయ్యి పాప నుదుటిమీద ఉంది.

హనుమంతప్ప వంగి, ఒక కన్ను మూసి, పాప రెండు బుగ్గలనూ మార్చి మార్చి చూశాడు.

"సమానంగా ఉండాయి. ఇంక తీసకపో."