నిమ్మచెట్టుకు నీళ్లు పోసిన చెయ్యి

మా అత్త పోయింది. దినాలు కూడా అయిపోయాయి. కబురు విన్నవాళ్లంతా సూర్యాపేటలో మా ఇంటికి వచ్చి, ఆమె ఎంత మంచిదో నాకే చెప్పి పోతున్నారు. మనసు వెన్నట. నోట్లోంచి ఒక్క గట్టి మాట వచ్చేది కాదట. ఆ నోటి కింద ఇన్నేళ్లు కాపురం చేసినదాన్ని నేను. మజ్జిగ గ్లాసులు అందిస్తూ వింటున్నాను గానీ లోపల ఒళ్లు మండిపోతోంది. పోయినవాళ్లను పొగడడం మన ఆచారం, కాదనను. కానీ వీళ్లు చెబుతున్న ఆ మెత్తటి ముసలమ్మ ఎవరో నాకు తెలియదు. నాకు తెలిసిన మనిషి గురించి రాస్తాను. చదివినవాళ్లు నన్ను తిట్టుకున్నా సరే.

మా అత్తది చిన్న శరీరం. పొద్దున ముందు ఆమె గొంతు లేచేది, తర్వాత ఆమె లేచేది. మామగారు నా పెళ్లికి ముందే పోయారు. ఇంట్లో ఆమె మాటే మాట. మా ఆయనకు బజారులో బట్టల కొట్టు ఉంది, కొట్లో గట్టిగానే బేరమాడతాడు. గడప దాటి లోపలికి వస్తే మాత్రం అవ్వ, అంటే వాళ్లమ్మ, ఏమంటే అది. ఇంటి వెనక పెద్ద పెరడు, అందులో చేదబావి, బావి చుట్టూ మొక్కలు. కరివేపాకు, మల్లె, దానిమ్మ, ఒక సొరపాదు. అన్నిటికంటే ముద్దుగా చూసుకునేది మామగారు నాటిన నిమ్మచెట్టు.

నీళ్లు పోయడంలో ఆమెకు చట్టాలుండేవి. నేను కాపురానికి వచ్చిన తొలి వేసవిలో ఒక మధ్యాహ్నం కుండీలో మల్లె తలవాల్చింది. వేలు పెట్టి చూస్తే మట్టి ఎండిపోయి ఉంది. కోదాడలో మా అమ్మ అలాగే చూసేది. చెంబుడు నీళ్లు పోశాను. మా అత్త వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఓసి నీ చేతులిరగ! మిట్టమధ్యాన్నం నీళ్లు పోస్తవా? ఆకులు ఉడుకుతయే! మట్టిల ఏలు పెట్టి ఏం ఎతుకుతున్నవ్, మీ నాయన ఈడ ఏమన్న దాసిండా?"

వీధి వీధంతా విన్నది. సాయంత్రానికి మల్లె నిటారుగా లేచి నిలబడింది. నేను చూపించాను. "లేవదా మరి? నేను గంత మొత్తుకున్నంక" అంది. ఆమెతో వాదన ఎప్పుడూ అంతే.

పొద్దుగూకాక చెట్లు నిద్రపోతాయట, నీళ్లు పోసి లేపకూడదట. తులసికి రోజూ బియ్యం కడిగిన నీళ్లే పోయాలట. కోటంతా చీమలు పట్టినా ఆ నీళ్లు ఆగలేదు. అన్నిటికంటే పెద్ద చట్టం ఒకటి ఉండేది. ఆకు వాలినా, పసుపెక్కినా, రాలినా దానికి ఒకటే కారణం, దాహం. "దూపకు సస్తున్నదే చెట్టు" అనేది. అది అన్న తర్వాత మట్టి తడిగా ఉందా పొడిగా ఉందా అని చూసే పని లేదు. ఇంకో బిందె పడాల్సిందే.

ఇవన్నీ నవ్వుకుని మరచిపోయేవే. మరచిపోలేనిది ఒకటుంది. నాకు పిల్లలు పుట్టలేదు. ఒక ఏడాది గడిచింది, ఇంకో ఏడాది గడిచింది, చుట్టాల చూపులు మారాయి. నా పెద్దాడబిడ్డను మిర్యాలగూడలో ఇచ్చారు. ఒకసారి ఆమె పుట్టింటికి వచ్చి, పెరట్లో నేను నిమ్మచెట్టుకు నీళ్లు పోస్తుంటే చూసి, నా ముందే వాళ్లమ్మతో అంది: "అవ్వా, గొడ్రాలి చేత నీళ్లు పోపిస్తున్నవా? కాసే చెట్టు గుడ కాయదిగ."

మర్నాడు పొద్దున మా అత్త నా చేతిలోంచి బిందె లాక్కుంది. "నువ్వు చేదు. పొయ్యకు. పోసేది నేను" అంది.

అప్పటినుంచి అదే పద్ధతి. తాడు నేను పట్టుకోవచ్చు, చేద నేను లాగవచ్చు, బిందె నేను నింపవచ్చు. మొక్క మొదట్లో నీళ్లు వంచేది మాత్రం ఆమె. నా చేతి దోషం తాడు మీదికి ఎక్కదా, నీళ్లలోకి దిగదా, వంచేటప్పుడు మాత్రమే అంటుకుంటుందా అని నేనెవర్ని అడగను? అదే చేత్తో నేను వండిన అన్నం ఇంటిల్లిపాదీ తిన్నారు, ఆడబిడ్డ మారు వడ్డించుకుని మరీ తిన్నది. అన్నానికి అంటని దోషం చెట్టుకెలా అంటిందో నాకు ఇప్పటికీ తెలియదు. అడగబోతే మా ఆయన "అవ్వ పెద్దది, పోనియ్యి" అనేవాడు. ఆ పోనియ్యి అనే మాట మీద నాకు ఇప్పటికీ కోపమే.

మా అత్త నిమ్మచెట్టు మొదలు చుట్టూ గుంట తవ్వి, కాండానికి ఆనుకునేలా పొద్దున, పొద్దుగూకక ముందు నీళ్లు నిలబెట్టేది. మొదటిది ఎండక ముందే రెండోది పడేది. చెట్టు ఆకులు పసుపెక్కి రాలసాగాయి. ఆమె దాహమంది. ఇంకా పోసింది. ఇంకా రాలాయి. నా నీడ పడుతోందని, బిందె నింపి లోపలికి పొమ్మంది. నేను వంటింటి తలుపు సందులోంచి చూస్తూ ఉండేదాన్ని. చెట్టు చస్తోందన్న బాధ కంటే, అది చస్తే నా తలకే చుడతారన్న భయం ఎక్కువగా ఉండేది.

అంతలో నవాబు మనుషులతో గొడవలు ముదిరాయి. సూర్యాపేటలో చాలా ఇళ్లకు తాళాలు పడ్డాయి. చలికాలం మొదట్లో మేమూ బండి కట్టుకుని, కోదాడ దాటి, నవాబు రాజ్యం సరిహద్దు అవతల మా మేనమామ ఇంట్లో తలదాచుకున్నాం. అక్కడున్నన్నాళ్లూ మా అత్త ఇల్లు ఏమైందో అనలేదు, కొట్టు ఏమైందో అనలేదు. "నా చెట్టు దూపకు సచ్చిపోయుంటది" అని మా మేనమామ ప్రాణం తీసింది. ఎండలు ముదరక ముందే, కాస్త నెమ్మదించిందని ఎవరో అంటే, ఆమె పోరు పడలేక తిరిగొచ్చాం.

తాళం తీసి నేరుగా పెరట్లోకే నడిచింది. వెనకే నేను. ఆ మధ్య వాన చుక్క పడలేదు, చెంబుడు నీళ్లు పోసిన దిక్కు లేదు. సొరపాదు ఎండి తాడైంది, కుండీలో మల్లె మాడిపోయింది. నిమ్మచెట్టు మాత్రం పచ్చగా ఉంది. కొత్త చిగుళ్లు వేసి, కొమ్మకొమ్మకూ పూత పట్టి, వాసన గోడ దాకా కొడుతోంది.

మా అత్త ఒక చిగురు పట్టుకుని చూసింది. తర్వాత నావైపు తిరిగి, "నువ్వు లేవు, గందుకే బతికింది" అంది.

నాకు ఎక్కడ లేని ధైర్యం వచ్చింది. "నువ్వూ లేవు కదత్తమ్మా" అన్నాను.

ఆమె కొట్టలేదు, తిట్టలేదు. ఆ పూట అన్నం మాత్రం తినలేదు. మర్నాడు మళ్లీ గుంట నింపింది. పంతం. కొన్నాళ్లకు పూత రాలింది, పిందెలు రాలాయి, ఆకులు మళ్లీ పసుపెక్కాయి. ఈసారి కొమ్మలు చివర్ల నుంచి ఎండుతూ వచ్చాయి. ఒక పొద్దున ఆమె చెట్టు కింద గొంతుక్కూర్చుని, కొడవలితో మొదట్లో మట్టి తీసి, ఒక వేరు పట్టి లాగింది. అది ఉడికిన కందలా ఆమె చేతిలోకి ఊడొచ్చింది. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుంది. మొహం అటు తిప్పుకుంది. మట్టి మళ్లీ కప్పేసి, బావి దగ్గర బూడిదతో చేతులు తోముకుంది. నేను తలుపు సందులోంచి అంతా చూశాను. చెట్టును చంపింది ఏమిటో ఆ రోజే ఆమెకు తెలిసిపోయింది.

అయినా నాతో ఒక్క మాట అనలేదు. నా చేతికి బిందె ఇవ్వలేదు. అమ్మలక్కలు వచ్చి చెట్టును చూసి, నన్ను చూసి, నిట్టూర్చి పోతుంటే నోరు మూసుకుని ఊరుకుంది. అన్నాళ్ల మౌనాన్ని నేను క్షమించలేదు, ఆమె పోయిన తర్వాత కూడా క్షమించలేదు. అది కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను.

ఆ ఎండాకాలంలోనే పెద్దాడబిడ్డ మిర్యాలగూడ నుంచి పెనిమిటిని వెంటబెట్టుకుని దిగింది. ఎందుకొచ్చిందో ఆమె చీర చూస్తేనే తెలిసింది, పెళ్లి మాటలకు కట్టుకునే చీర. వసారాలో మా అత్త చింతపండు గింజ తీస్తూ కూర్చుంది. మా ఆయన గోడకు ఆనుకుని కాలి గోళ్లు చూసుకుంటున్నాడు. నేను తలుపు వెనక నిలబడ్డాను.

"మా మరిది బిడ్డ ఉన్నది, తమ్మునికి చేసుకుందం" అంది ఆడబిడ్డ. "గీమెను ఎల్లగొట్టుమంటలేను. ఇంట్లనే ఉంటది, పని చేసుకుంట. కని పెట్టే మనిషొకతె గావాలె గద."

మా అత్త చింతపండు వలుస్తూనే ఉంది. అల్లుడు గొంతు సవరించుకున్నాడు. మా ఆయన ఇంకా గోళ్లే చూసుకుంటున్నాడు. ఏమైనా అంటాడని నేను ఎదురుచూడనూ లేదు. అత్త ఊ అంటే అయిపోయినట్టే. కోదాడ వెళ్లిపోయినా మా నాన్న ఎన్నాళ్లు పెట్టుకుంటాడు? ఇక్కడే ఉంటే ఆ వచ్చేదానికి స్నానానికి నీళ్లు తోడుతూ బతకాలి. నా బతుకంతా ఆ చింతపండు బుట్ట పక్కన పడి ఉంది.

"ఆలోచన ఎందుకే అవ్వా?" అంది ఆడబిడ్డ, పెరటివైపు చెయ్యి చూపించి. "అగో నిమ్మచెట్టు సూడు. నాయన పెట్టిన చెట్టు. దీని చెయ్యి తగిలి మోడైంది. ఇగ ఇంట్ల ఏం పండుతది?"

మా అత్త చేతులు ఆగాయి.

"ఆ చెట్టుకు నీళ్లు పోసింది నేను" అంది.

"నువ్వు పోస్తే గట్లెందుకైతది?"

"నువ్వు ఆనాడు అన్నకాంచి గిది ఒక్క చెంబు గుడ పొయ్యలే. పోసిందంత నేనే. దూప దూప అని ముంచి ముంచి నేనే సంపిన. ఏర్లు కుళ్లినయ్, నా చేతులతోని పీకి సూసిన. మరి నాది గుడ గొడ్డుచెయ్యేనా? నాది గొడ్డుచెయ్యయితే నువ్వెక్కడ్నుంచి ఊడిపడ్డవే?"

అల్లుడు కండువా దులుపుకున్నాడు. మా అత్త కొడుకువైపు తిరిగి, "ఏమోయ్, నోట్ల నాలికె లేదా? నీ పెండ్లం గురించి నేను మాట్లాడాల్నా?" అంది. అప్పుడు మా ఆయన, "నాకు వద్దక్కా" అన్నాడు. ఆ ముక్క అనడానికి ఆయనకు అంతమంది కావలసొచ్చింది.

తలుపు వెనక నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. అత్త లేచి లోపలికొచ్చింది. ఒక మంచి మాట అంటుందేమోనని పిచ్చిదానిలా ఎదురుచూశాను. "ఏం గుడ్లప్పజెప్పి సూస్తున్నవ్? పాలు పొంగుతున్నయ్" అంది.

మర్నాడు పొద్దున బావిగట్టు మీద నిండు బిందె పెట్టి, పక్కకు పోయి కూర్చుంది. నేనే ఎత్తుకుని దానిమ్మకు పోశాను. అంతే, ఇక నా ప్రాణం తీయడం మొదలుపెట్టింది. కొంచెం పోస్తే పిసినారి చెయ్యి అంది, ఎక్కువ పోస్తే ముంచుతున్నావంది. మొదట్లో ఎందుకు పోశావంది, దూరంగా పోస్తే గోడకు తాగిస్తున్నావా అంది. నేనూ ఊరుకోలేదు. మట్టిలో వేలు పెట్టి చూసే పోశాను, మిట్టమధ్యాహ్నమైనా సరే. రోజూ పొద్దున ఇద్దరం బావి దగ్గర పోట్లాడుకునేవాళ్లం. చెట్టు మాట ఆమె మళ్లీ ఎత్తలేదు, తప్పయిందని అనలేదు. అంటే నేను నమ్మేదాన్ని కూడా కాదు. ఆమె నాకిచ్చింది వసారాలో ఆ నాలుగు మాటలే. వాటి మీదే నేనీ ఇంట్లో తలెత్తుకుని తిరుగుతున్నాను. నా కృతజ్ఞత కూడా వాటికే, ఆమె మిగతా నోటికి కాదు.

మొన్న జ్వరం వచ్చి మంచాన పడింది. దవాఖాన మందు పనిచేయలేదు. ఆడబిడ్డ మిర్యాలగూడ నుంచి వచ్చింది. ఆ చివరి రోజు మధ్యాహ్నం ఊపిరి మారింది. తులసి నీళ్లు పోయమన్నారు ఎవరో. నేను ఉగ్గుగిన్నెలో నీళ్లు తెచ్చాను. ఆడబిడ్డ దాన్ని నా చేతిలోంచి తీసుకుంది. "బిడ్డల కన్నోళ్ల చెయ్యి నీళ్లయితేనే పైలోకంల దూప తీరుతది" అంది, ఏడుస్తూనే.

గిన్నె పెదాలకు ఆనించింది. మా అత్త నోరు బిగించింది. నీళ్లు చెంప మీదుగా కారి దిండు తడిసింది. ఆడబిడ్డ మళ్లీ పోసింది. మళ్లీ బిగించింది. మనిషికి మాట రాదనుకున్నాం. కళ్లు తెరిచి, కూతుర్ని దాటుకుని, మంచం పక్కన నన్ను వెతికింది.

"గామెకియ్యి" అంది.

ఆడబిడ్డ గిన్నె నాకిచ్చి పక్కకు జరిగింది. నేను మంచం మీద కూర్చుని, తల కింద చెయ్యి పెట్టి, గిన్నె వంచాను. ఆమె నోరు తెరిచింది. గిన్నె ఎక్కువ వంగి నీళ్లు గబుక్కున పడ్డాయి. పొలమారింది. నుదురు ముడిచి, ఆ స్థితిలో కూడా నన్ను కోపంగా చూసింది.

"జర ఆగు... గుటక పడనియ్యే" అంది.

గిన్నె వంచకుండా పట్టుకుని, ఆమె గొంతు కదిలేదాకా ఆగాను. కదిలింది. అప్పుడు ఇంకొంచెం పోశాను.