అత్తయ్య వెనక్కి తీసుకున్న ప్రార్థన

మా అత్తయ్య కుట్టుపని చేస్తుంది. ఆవిడ చేతిలో కత్తెర వంకరపోగా నేనెప్పుడూ చూడలేదు. నోటి సంగతి వేరు. కోడలిని కదా, ఆ సంగతి నాకంటే ఎవరికి బాగా తెలుసు?

గురువారం ఆడవాళ్ల ప్రార్థన కూడికలో ఆవిడదే పెద్ద గొంతు. అక్కడ మాకో పాడు అలవాటుంది. ఎవరి గురించైనా పక్కింట్లో చెబితే అది చాడీ. అదే మాట కళ్లు మూసుకుని దేవుడితో చెబితే ప్రార్థన భారం! అందరం ఆమేన్ అంటాం. ఆ రోజు నేనూ అన్నాను, ముందు నన్ను తిట్టుకోవాలి.

"తండ్రీ, మన స్కూలు బస్సు నడిపే తమ్ముణ్ణి తాగుడు నుంచి విడిపించయ్యా. పొద్దున్నే వాసన కొడుతున్నాడు, పసిపిల్లలెక్కే బండి" అని కన్నీళ్లతో మొరపెట్టింది. ముందురోజు పొద్దున యూనిఫాం చొక్కాకు కొలతలివ్వడానికి వచ్చినప్పుడు అతని చేతుల దగ్గర ఏదో ఘాటు వాసన వచ్చిందట. అంతే! శుక్రవారం మధ్యాహ్నానికి ఆ మాట తల్లుల ఫోన్లన్నీ చుట్టేసింది. సాయంత్రానికి స్కూలు మేనేజరు బస్సు తాళాలు లాగేసుకున్నాడు.

శనివారం డ్రైవరు షాపుకొచ్చాడు. "అక్కా, చొక్కా కుట్టకండి. నా ఉద్యోగం పోయింది" అన్నాడు. ఎవరి నోటినుంచి వచ్చిందో అతనికి అప్పటికే తెలుసు. "మా ఆవిడ మంచం పట్టి ఏడాదైంది. వీపు పుండ్లు పడకుండా రోజూ పొద్దున్నే స్పిరిట్ రాసి వస్తాను. నన్నడిగితే చెప్పేవాణ్ణి కదా."

అత్తయ్య మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. అతను వెళ్లాక, "పోనీలే అత్తయ్యా, ఇంట్లో ప్రార్థన చేసుకుందాం" అన్నాను. కస్సుమని లేచింది.

"చాల్లే ఊరుకో! మాటతో వెలుగు పుట్టించిన దేవుడు నాకూ మాట్లాడే నోరిచ్చాడు. దాంతో నేనొక మనిషి పొట్ట కొట్టాను. ఎవరెవరి చెవిన పడిందో వాళ్లందరికీ నేనే చెప్పాలి."

ఆదివారం ఆరాధనలో లేచి నిలబడింది. "నేను చూసిందేమీ లేదు. ప్రార్థన పేరుతో అబద్ధ సాక్ష్యం చెప్పాను" అంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఆవిడ లెక్కచెయ్యలేదు. అటునుంచి అటే మేనేజరు ఇంటికి వెళ్లింది. "రేపు బండి తియ్యమనండి. తల్లిదండ్రులు పిల్లల్ని ఎక్కిస్తే సరే, లేదంటే వేరే డ్రైవర్ని చూసుకుంటాను" అన్నాడాయన.

సోమవారం షాపు తెరవకుండా బస్సెక్కింది, నన్నూ లాక్కెళ్లింది. పదకొండు స్టాపులు. ప్రతిచోటా మోకాళ్లు పట్టుకుని దిగడం, అదే మాట చెప్పడం.

"ఇప్పుడు వాణ్ణి వెనకేసుకొస్తున్నారా?" అని ఒక తండ్రి ఎగిరిపడ్డాడు.

"కాదు బాబూ, అబద్ధమాడింది నేను. తిట్టాలంటే నన్ను తిట్టు, పిల్లని ఎక్కించు."

ఎక్కించాడు. ఎనిమిదో స్టాపులో ఒకావిడ మాటైనా వినకుండా కొడుకుని స్కూటరు మీద తీసుకుపోయింది. నాకు ఏడుపాగలేదు.

స్కూలు గేటు దగ్గర మేనేజరు పిల్లల్ని లెక్కపెట్టుకున్నాడు. నలుగురు తక్కువ. తాళాలు డ్రైవరునే ఉంచుకోమన్నాడు, ఈ వారానికి.

అత్తయ్య బస్సు మెట్టుమీద కూలబడింది. గొంతు బొంగురుపోయింది. డ్రైవరు నీళ్లసీసా అందించాడు.

"అక్కా, అప్పుడు మీరు ఒక్కసారే అన్నారు, అందరూ నమ్మేశారు."

"తెలుసు తమ్ముడూ. ఆ నలుగురి ఇళ్లు ఎక్కడో చెప్పు."