ఇంగ్లీషు దిష్టి

యుద్ధం నడుస్తున్న రోజులు. చిత్తూరు మిషన్ బడిలో మా పంతులమ్మ ఆ పొద్దున ఇంగ్లీషు మాటల్ని మూడు గంపల్లోకి ఏరి చూపించింది. పేరు చెప్పేవి నామవాచకాలు, పని చెప్పేవి క్రియలు, ఎలా ఉందో చెప్పేవి విశేషణాలు. ఓస్, ఇంతేనా అనిపించింది! బడి వదలగానే ఒకటే పరుగు. దారిలో కనబడిన ఎద్దునీ గాడిదనీ ఇంగ్లీషులో పలకరించకుండా వదల్లేదు.

ఇంట్లో ఉయ్యాల్లో మూడు నెలల తమ్ముడు నిద్రపోతున్నాడు. "బేబీ!" అన్నాను. అది నామవాచకం. "స్లీప్!" అన్నాను. అది క్రియ. ఇక ఆగలేక "ఫ్యాట్ బేబీ!" అని అరిచేశాను.

"అంటే ఏందిమే?" అంది అవ్వ.

"బొద్దుగా ఉండాడని!"

అవ్వ గుండె మీద చెయ్యేసుకుంది. గబగబా ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి, వాడి చుట్టూ తిప్పి పొయ్యిలో పడేసింది.

"సూసినావా, ఘాటే రాలేదు. ఎంత దిష్టి తగిలిందో! పేరు సెప్పు, ఏం సేస్తాడో సెప్పు. ఎట్లుండాడో మాత్రం సెప్పబాకు."

నేను ఎగిరి గంతేశాను. పంతులమ్మ ఏరిన మూడు గంపల్లోకే అవ్వా ఏరింది! కానీ విశేషణాలు మానేసి ఎలా ఊరుకుంటాను? వెతికి వెతికి ఇంకోటి పట్టాను.

"అగ్లీ బేబీ!"

"అదేంది?"

"సూసేదానికి బాగలేడని."

అవ్వ మొహం వెలిగిపోయింది. "అద్దో, ఆ మాట బాగుండాది. ఇంగోసారి సెప్పు."

మర్నాటి నుంచి బిడ్డను చూడ్డానికి ఎవరొచ్చినా, వాళ్లు నోరు తెరవకముందే అవ్వ ఉయ్యాల గుడ్డ తొలగించి, గర్వంగా "అగ్లీ బేబీ!" అనేది.