ఏడాదికి పెట్టిన మొదటి మెసేజ్

మా బిడ్డ క్లాసు తల్లుల వాట్సాప్ గ్రూపుల అందరు ఇంగ్లీషులనే రాస్తరు. గట్లనే రాయాలని ఎవరు చెప్పలె. మొదటి రోజు ఒకామె రాసింది, మిగతోళ్లు గదే పట్టుకున్నరు. ఏం రాసినా కింద పిల్ల పేరు పెట్టి, మమ్మీ అని పెడ్తరు. నేనైతే ఏడాది సంది ఒక్క ముక్క రాయలె. రాస్తే ముందుగాల మా ఆయనకు పంపాలె, ఆయన దిద్దాలె. ఆయన దిద్దేటాళ్లకు ఆ ముచ్చట అయిపోతుండె. ఇగ ఎందుకని ఊకున్న.

ఆ రోజు స్కూల్ వ్యాన్‌కు కొత్త డ్రైవర్ వచ్చిండు. నాంపల్లిల మా గల్లీ మొదట్ల వ్యాన్ ఆగింది, బిడ్డ దిగలె. లోపల చూస్తే లేదు. "అబిడ్స్‌ల పోస్టాఫీసు కాడ నలుగురు దిగిన్రమ్మా, అండ్ల ఉన్నదేమో" అన్నడు. నా పానం పోయినంత పనయింది.

స్కూలుకు ఫోన్ చేస్తే ఎవ్వరు ఎత్తలె. గ్రూపుల అడుగుదామని రాసిన. రాసి, అలవాటు ఏడ పోతది, మా ఆయనకే పంపిన. ఆయన పనిల ఉన్నడు, చూస్తలేడు. పది నిమిషాలు గట్లనే రోడ్డు మీద నిలవడ్డ. తలుసుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మండుతది. ఆఖరికి తప్పో ఒప్పో, కండ్లల్ల నీళ్లకు అక్షరాలు గూడ కనవడక, పంపేసిన. ఇప్పుడు తీసి చూస్తే అండ్ల తప్పు లేని ముక్క బిడ్డ పేరొక్కటే.

నిమిషం కాలె, ఫోన్ మోగింది. గ్రూపుల ఉన్న ఒకామె.

"మీ పాప మా ఇంట్లోనే ఉందండి, సుల్తాన్ బజార్‌లో. మా అమ్మాయితో పాటు దిగేసింది. ఉప్మా తింటోంది."

గల్లీలనే కూలవడి ఏడ్చిన. పోయిన పానం లేచొచ్చింది. ఆ ఎనుకనే కోపమొచ్చింది. ఇంతసేపు గ్రూపుల ఒక్క మాట పెట్టొద్దా అని అడిగిన.



"మీ నంబర్ ఏదో తెలియదండి, మీరెప్పుడూ గ్రూపులో రాయలేదు కదా. పాపకేమో తొమ్మిది అంకెలే గుర్తున్నాయి. గ్రూపులో అడుగుదామంటే నా ఇంగ్లీషు అంతంతమాత్రం. రాసి, ఒకసారి చూడమని మావారికి పంపాను. ఆయనింకా చూడలేదు."

ఏడుపుల నాకు నవ్వొచ్చింది. "నేను గూడ గదే చేసిన అక్కా" అని ఆటో ఎక్కిన.