రెండో నిమిషం దాటని కథలు

ఫోన్‌లో "మీరు తీసుకున్న పుస్తకం గడువు మూడు రోజుల్లో ముగుస్తుంది" అని వస్తే మామూలు మనుషులు ఏం చేస్తారు? చూసి వదిలేస్తారు. నాకు మాత్రం ఆ మాట కనిపించగానే చేస్తున్న పని ఆగిపోతుంది. పుస్తకం గడువును చూసి భయపడే మనిషి ఈ జిల్లా మొత్తంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మా ఊరు కరీంనగర్‌కు బస్సులో గంట దూరం. సందు సందుకూ సాంచాలే. సాంచా అంటే మా దగ్గర కరెంటుతో నడిచే మగ్గం. పొద్దున మొదలైతే ఆ చప్పుడు గోడల్లోంచి, అన్నం గిన్నెలోంచి, కూర్చున్న పీటలోంచి కూడా వస్తుంది. అందుకే మా ఊరివాళ్లకు మెల్లగా మాట్లాడటం చేతకాదు. పెళ్లిచూపుల్లో కూడా అరుస్తాం. కార్ఖానాలో అరిచినా లాభం ఉండదు కాబట్టి పెదాలు చూసి, చేతులు చూసి మాట్లాడుకుంటాం. అదే అలవాటు ఇంటికీ వస్తుంది. ఎవరు ఏం చెప్పినా ముందు వాళ్ల మొహంలోకి చూస్తాం. ఆ అలవాటే నన్ను మోసం చేసింది.

మా బాపు నలభై ఏళ్లుగా సాంచాలు నడుపుతున్నాడు. ఎనిమిది సాంచాలు ఒక్కడే చూసుకోవాలంటే రెండు కళ్లు చాలవు. చెవులు కావాలి. సాంచాలో అటూ ఇటూ పరుగెత్తుతూ పోగును మోసేది నాడె. అది జానెడు చెక్క, రెండు కొసలా ఇనుప మొనలు. దాని దెబ్బ కాస్త తేడాగా పడితే చాలు, బాపు అటు తిరిగి కూడా చూడకుండా ఏ సాంచానో చెప్పి, పరుగున వెళ్లి ఆపేవాడు. ఆపకపోతే నాడె బయటికి ఎగురుతుంది. ఎగిరింది ఎవరికి తగులుతుందో ఎవరూ చెప్పలేరు. చిన్నప్పుడు మా వీధిలో ఒంటికన్ను మనిషిని చూసి నేను ఏడిస్తే అవ్వ, అంటే మా అమ్మ, నా మొహం తనవైపు తిప్పుకుని "నాడె తాకింది బిడ్డా, ఏడ్వకు" అంది. అవ్వ పోయి ఆరేళ్లు. ఇప్పుడు ఇంట్లో నేనూ బాపూ ఇద్దరమే.

సర్కారు కొలువు పరీక్షలకు చదివే రోజుల్లో నేను కరీంనగర్‌లో ఒక గ్రంథాలయంలో సభ్యురాలినయ్యాను. కొలువు రాలేదు. బస్టాండు దగ్గర జిరాక్స్ సెంటర్ పెట్టుకున్నాను. సభ్యత్వం మాత్రం మిగిలింది. తర్వాత అదే కార్డుతో ఫోన్‌లో వినే పుస్తకాలు కూడా అరువిస్తున్నారని తెలిసింది. పద్నాలుగు రోజుల గడువు. ఆ తర్వాత పుస్తకం దానంతట అదే మాయమైపోతుంది, కావాలంటే ముందే పొడిగించుకోవాలి. బాపు ఒకప్పుడు నవలలంటే ప్రాణం పెట్టేవాడు. చూపు మందగించాక చిన్న అక్షరాలు చదవలేక మానేశాడు. ఆయన ఫోన్‌లో నా కార్డు వేసి, ఒక నవల తీసి, వైర్లు చెవుల్లో పెట్టాను. రెండు నిమిషాలు కళ్లు మూసుకుని కూర్చున్నాడు. తర్వాత వైర్లు తీసి నా చేతిలో పెట్టాడు.

"మంచిగనే ఉంది బిడ్డా. మల్ల ఇంట తియ్."

ఆ మళ్లీ అనేది రెండు నెలల దాకా రాలేదు. నాకు ఒళ్లు మండింది. అడగకుండా పెట్టిస్తే ఇంతే అనుకుని ఊరుకున్నాను.

ఆ రెండు నెలల మధ్యలో కార్ఖానాలో ఒక సంగతి జరిగింది. బాపు పక్క వరుసలో పనిచేసే ముసలాయనకు సాంచా పాడైన చప్పుడు వినబడక నాలుగు గజాల బట్ట ఖరాబైంది. వెనకనుంచి పిలిస్తే పలకడం లేదని సేటు రెండు రోజులు గమనించాడు. మూడో రోజు పనిలోంచి తీసేశాడు. ఆయన పెద్దపల్లిలో కూతురి దగ్గరికి పోయాడు. బాపు ఆ సాయంత్రం అన్నం సగంలో వదిలేశాడు. స్నేహితుడు దూరమయ్యాడని బాధేమో అనుకున్నాను.

మరుసటి వారం బాపే వచ్చి అడిగాడు. "గా కథల పుస్తకం మల్ల పెట్టు. కార్ఖాన్ల ఇనుకుంట పనిచేస్త."

నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. నా మాట నెగ్గింది కదా! జిరాక్స్‌కు వచ్చినవాళ్లందరికీ మా బాపు సాంచాలు నడుపుతూ నవలలు వింటాడని గొప్పలు చెప్పాను. పదమూడో రోజు రాగానే బాపు గుర్తుచేసేవాడు. ఏ పుస్తకం కావాలని అడిగితే మాత్రం పట్టింపు లేదు.

"ఏదైతేంది? జర పెద్దది తియ్. మధ్యల అయిపోవద్దు."

"ఒకప్పుడు ఒక్క పేజీ బాగోకపోతే పుస్తకం విసిరేసేటోనివి, ఇప్పుడు గింత సర్దుకపోతున్నవేంది?" అని ఆటపట్టించాను. ఆయన నా పెదాల వంక చూసి నవ్వాడు.

అలా నాలుగు పుస్తకాలు గడిచాయి. ఒక రోజు మధ్యాహ్నం కార్ఖానాలో సాంచాలు బాగుచేసే చాచా ఆధార్ కార్డు జిరాక్స్‌కు వచ్చాడు. బాపుకు ఆయన పాత దోస్తు. కాగితం మిషన్‌లో ఉండగానే అడిగాడు.

"బిడ్డా, గా బర్రె దొరికిందా లేదా? మీ బాపు జర సేపు చెప్తడు, గంతల్నే చాయ్ అయిపోతది. నాకు పరేషాన్ అయితుంది."

"ఏ బర్రె చాచా?"

"అరే, కథల! ఖానాపూర్ అడివిల బర్రె తప్పిపోతే ఎతుక్కుంట పోతడు చూడు, ఒక మనిషి. ఎంత లోపలికి పోతే గంత సప్పుడు తక్కువైతదట. ఆఖరికి వాని అడుగుల సప్పుడు గూడ వానికి ఇనవడదట. చాయ్ తాగుకుంటనే వణుకు వస్తది."

అప్పుడు బాపు దగ్గర ఉన్న పుస్తకంలో అడవీ లేదు, బర్రే లేదు. అది నేనే ఏరి తీసింది. ఒక రైల్వే గార్డు భార్య తన క్వార్టర్ ఖాళీ చేసే కథ. చాచాకు కాగితం ఇచ్చి, షట్టర్ సగం దించి ఇంటికి పోయాను. బాపు ఫోన్ దేవుడి పటాల గూట్లో ఛార్జింగ్‌కు పెట్టి ఉంది. పనికి పోయేటప్పుడు చెవుల్లో వైర్లు పెట్టుకునే పోయాడు కదా, మరి ఫోన్ ఇక్కడెందుకు ఉంది? తెరిచి చూశాను. పుస్తకం ఎక్కడ ఆపామో అందులో కనిపిస్తుంది. రెండో నిమిషం. అంతకుముందు తీసుకున్నది కూడా రెండో నిమిషమే. దానికి ముందుదీ అంతే. శబ్దం మాత్రం చివరి దాకా పెంచి ఉంది.

ముందు వచ్చింది కోపమే, దాచడం ఎందుకు. ఊరంతా చెప్పుకున్నాను, నన్ను పిచ్చిదాన్ని చేశాడు అనుకున్నాను. ఆ ఫోన్ పట్టుకుని కార్ఖానాకు నడిచాను.

రేకుల కింద వేడి, నూలు దుమ్ము, నూనె వాసన. ఎనిమిది సాంచాలూ నడుస్తున్నాయి. గోడ వారన పీట మీద కూర్చుని, మా పక్కింటి అక్క కండెలు చుడుతోంది. నాడెలో పెట్టే నూలు కండెలు. నన్ను చూసి చేయి ఊపింది. బాపు నాకు వీపు పెట్టి నిలబడ్డాడు. రెండు చెవుల్లో వైర్లు. వాటి కొస చొక్కా జేబులోకి పోయింది. ఆ జేబులో బీడీకట్ట ఉంటుందని నాకు తెలుసు. ఫోన్ నా చేతిలో ఉంది.

కోపం ఎక్కడికి పోయిందో పోయింది. దాని చోట భయం వచ్చి కూర్చుంది.

అప్పుడే మూడో సాంచా చప్పుడు మారింది. నేను సాంచా ముట్టుకోక పదిహేనేళ్లు. అలాంటి నాకే తెలిసింది, దెబ్బకు దెబ్బకు మధ్య ఒక సన్నని టక్కుమనే చప్పుడు. దూరంగా మరో వరుసలో పనిచేసే మనిషి తలెత్తాడు. అక్క చేయి ఆగింది. బాపు దానికి నాలుగు అడుగుల దూరంలో నిలబడి, వేరే సాంచాలో తెగిన పోగు ముడివేస్తున్నాడు.

"బాపూ!" అని గొంతు పగిలేలా అరిచాను. ఆయన ముడి వేసి, కొస కత్తిరించాడు.

నాడె ఎగిరింది. కంటికి కనబడలేదు. అక్క తలకు జానెడు పైన గోడ సున్నం రాలి ఆమె జుట్టు మీద పడింది. నాడె కిందపడి కాసేపు గుండ్రంగా తిరిగింది. అక్క తల మీద చేయి పెట్టుకుని, ఏమైందో తెలియక సున్నం దులుపుకుంది. ఎవరో పరుగెత్తి సాంచా ఆపారు. కాళ్ల కింద ఊపు తగ్గింది కాబోలు, అప్పుడు బాపు వెనక్కి తిరిగాడు.

సేటు లోపలి గదిలోంచి వచ్చాడు. గోడ చూశాడు, బాపు చెవులు చూశాడు.

"ఏంది పెద్దమనిషీ, కథలల్ల పడి లోకమే మర్చిపోతున్నవ్? ఇనుకో, వద్దంటలేను. జర సౌండ్ తక్కువ పెట్టుకో. ఇయ్యాల గామె అదృష్టం మంచిగుంది."

బాపు ఆయన పెదాలు చూసి తల ఊపాడు. వైర్లు తీసి మెడలో వేసుకున్నాడు. తర్వాత నన్ను చూశాడు, నా చేతిలో ఉన్న ఫోన్‌ను చూశాడు. సేటు నావైపు తిరిగేలోపల నేను ఆ ఫోన్‌ను చున్నీ కింద దాచాను. అది నేను ఆలోచించి చేసిన పని కాదు. కానీ చేసింది మాత్రం నేనే.

పొద్దు గూకకముందే బాపు ఇంటికి వచ్చాడు. ఎదురెదురుగా కూర్చున్నాం. ఎప్పుడూ అలాగే కూర్చుంటాం కదా, ఇన్నాళ్లూ నాకు అనుమానం ఎందుకు వస్తుంది?

"ఎప్పటిసంది?" అన్నాను.

"యాడాది దాటింది. ముందుగాల్ల గాజుల సప్పుడు పోయింది. ఎనక పిట్టలయి. ఇప్పుడు మనుషుల మాట గూడ గాలి ఊదినట్టు ఇనవడ్తది. మొకం చూస్తె తెలుస్తది, లేకుంటె లేదు."

"మరి గా పుస్తకాలు?"

ఆయన మెడలోని వైర్లు తీసి పక్కన పెట్టాడు. "కొత్తది పెట్టినప్పుడల్లా ఇంట్ల కూసోని ఇని చూసిన బిడ్డా. ఒక్కొక్క పుస్తకంల ఒక్కొక్క గొంతు ఉంటది గద. ఏదన్న ఒక గొంతు ఇనవడ్తదేమో అని."

ఆ రెండు నిమిషాల లెక్క అదీ. వైర్ల లెక్క అడగక్కర్లేదు, కథ వింటున్నవాడు పలకకపోతే చెవిటివాడని ఎవరూ అనుకోరు. నాకు ఏడుపు ఆగలేదు. చెవికి మిషన్ పెట్టుకొమ్మన్నాను. మిషన్ పెట్టుకున్నవానికి సాంచాలు ఎవడిస్తడు, ఆ చప్పుడులో అది ఏం పనిచేస్తది అన్నాడు. నిజమే. పని మానెయ్, నేను చూసుకుంటా అన్నాను.

"ఇంట్ల కూసుంటె ఏముంది బిడ్డా? మొత్తం గుంతల పడ్డట్టు ఉంటది. గాడనైతె కాళ్ల కింద భూమి ఊగుతది. సాంచా మీద చెయ్యి పెడితె జరంత తెలుస్తది. గదొక్కటే మిగిలింది నాకు."

"గా అక్కకు తాకి ఉంటె?"

ఆ మాట ఆయన నా పెదాల మీద చదివాడు. చదివాడని నాకు తెలుసు. లేచి గూట్లోకి చూసి, "గా పుస్తకం గడువు ఎన్నడు అయిపోతది?" అని అడిగాడు.

మూడు రోజులు అని వేళ్లు చూపించాను. ఆయన నా వేళ్లనే చూస్తూ నిలబడ్డాడు. పొడిగిస్తానని నేను అనలేదు. పొడిగించనని కూడా అనలేదు.

పొడిగించాను. ఆ తర్వాత మళ్లీ ఒకసారి. రోజూ మధ్యాహ్నం జిరాక్స్ మిషన్ నడుస్తుంటే నా చెవి మాత్రం కార్ఖానా వైపే ఉంటుంది. ఎవరైనా పరుగెత్తుకొస్తున్నట్టు అనిపిస్తే మిషన్ ఆపి బయటికి వచ్చి చూస్తాను. సేటుకు చెప్పాలని రెండుసార్లు ఆ సందు దాకా పోయి వచ్చాను. గుంతలో పడ్డట్టు ఉంటుందన్న మాట గుర్తొచ్చి వెనక్కి తిరిగాను.

నిన్న అక్క వచ్చింది, పాప బడి కాగితాలు జిరాక్స్ చేయించుకోవడానికి. నిలబడి నవ్వింది.

"మీ బాపు ఇంక గా బర్రెను దొరకవడ్తలేడే. నువ్వన్న చెప్పు, దొరుకుతదా?"

"తెల్వదక్కా," అన్నాను. కాగితాలు సర్ది ఇస్తూ, "నీ పీట జర అవతలికి జరుపుకో అక్కా," అన్నాను.

"ఎందుకే?"

నోటి దాకా వచ్చింది. "గోడ పక్కన ఉక్కపోస్తది గదా," అన్నాను.

"పిచ్చిదానా, కిటికి గాడనే ఉంది. గాలి మొత్తం నాకే వస్తది," అని నవ్వి, కాగితాలు చంకలో పెట్టుకుని కార్ఖానా వైపు వెళ్లిపోయింది.

ఆమె సందు మలుపు తిరగకముందే ఫోన్ మోగింది. మీరు తీసుకున్న పుస్తకం గడువు మూడు రోజుల్లో ముగుస్తుంది. కింద పొడిగించు అని ఉంది. నేను దాని మీద వేలు పెట్టాను.