ఉతికే చేతులు

అమలాపురం బస్సులో నా పక్కన కూర్చున్న ఆమెకు జామకాయ ముక్క ఇవ్వబోతే చేయి చాపలేదు, కొంగు పట్టింది. అరచేతుల తోలు లేచిపోయి ఉంది.

"చేతులకేమైందమ్మా?"

"మా ఆయన చేలో పురుగుమందు కొడతారండీ. ఆ బట్టలు ఉతికేది నేనేనండి. మందు ఒంట్లోకి ఎంత ఎక్కిందో చూస్తామని డాక్టర్లొచ్చి ఆయన రక్తం తీసేరు. నాదీ తియ్యండి బాబూ అంటే, నువ్వు మందు కొట్టవుగా అని నవ్వేరండి."

ఆమె కొత్తపేటలో దిగిపోయింది. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మొన్న మా వీధికీ అలా రక్తం తీసే డాక్టర్లే వచ్చారు. "ఇంట్లో మందు కొట్టేదెవరండీ?" అంటూ ఒకతను కాగితం తీశాడు.

"మా అబ్బాయి. ఆ బట్టలు ఉతికేది నేను. అదీ రాసుకో."

"దానికి గడి లేదండి."

పెన్ను లాక్కున్నాను. యాభై దాటాక నేర్చుకున్న అక్షరాలతో, ఆ కాగితానికి అడ్డంగా నా పేరు రాశాను.